బస్సెక్కని రచయిత

ప్రశ్న: హిప్పీల మీద అమెరికన్ పాత్రికేయుడు టామ్ వుల్ఫ్ రాసిన ‘ది ఎలక్ట్రిక్ కూల్-ఎయిడ్ యాసిడ్ టెస్ట్’ 50 పేజీలు దాటలేకపోయాను. వరసగా కోలన్లు (:), అరుపులు, తెగిపోయే వాక్యాలు! ఇది రిపోర్టింగేనా? అందులోని హిప్పీల బస్సు ప్రయాణంలో ఆయన ఉన్నాడా?

జవాబు: లేడు. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు తీసుకునే నవలా రచయిత కెన్ కీసీ బృందం 1939 నాటి స్కూలు బస్సుకు రంగులు పూసి కాలిఫోర్నియా నుంచి న్యూయార్క్ వెళ్ళింది 1964లో. వుల్ఫ్ కీసీని కలిసింది 1966లో, అదీ జైల్లో. పుస్తకం 1968లో వచ్చింది. బస్సు ప్రయాణమంతా వాళ్ళ ఫిల్ములు, టేపులు, ఉత్తరాలు, ఇంటర్వ్యూల నుంచి అల్లిందే.

కాబట్టి పెన్సిల్ పట్టుకుని చదవండి. ‘నేను’ కనిపించే చోట గీత గీయండి. మొదట్లో వచ్చే జైలు, గ్యారేజీ ఆయన కళ్ళారా చూసినవి. సంభాషణకైతే టేపు ఆధారం ఉండొచ్చు. మనిషి తలలోని ఆలోచన రాశాడంటే మాత్రం అది తర్వాత అడిగి తెలుసుకున్నదే. జ్ఞాపకం అన్నీ సర్దేసుకుంటుంది, మత్తులో ఉన్నవాళ్ళదైతే మరీను. తప్పు దొర్లేది అక్కడే.

ఇక కోలన్లు ఎల్‌ఎస్‌డీ మత్తులో ఆలోచన పరుగును పట్టే ప్రయత్నం. గట్టిగా బయటికి చదివితే లయ దొరుకుతుంది. కొన్ని పేజీలు మరీ అతిగా ఉంటాయి, దాటేయండి. పక్కనే అమెరికన్ రచయిత్రి జోన్ డిడియన్ 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో హిప్పీల మీద రాసిన వ్యాసం పెట్టుకోండి. ఆమె అక్కడ తిరిగి చూసి రాసింది, గొంతు పెంచకుండా.