క్యాచర్ కావాలనుకునే పిల్లాడికి కాలేజీ దారే మేలు

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 15 ఏళ్లు, తొమ్మిదో తరగతి. స్కూలు బేస్‌బాల్ జట్టులో క్యాచర్. పెద్దయ్యాక ఇదే వృత్తి అంటున్నాడు. మావారిది హెచ్-1బీ ఉద్యోగ వీసా, వాడిది దాని మీద ఆధారపడిన హెచ్-4. చదువు పక్కన పెట్టి దీన్నే నమ్ముకోమని చెప్పొచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఒక్కటి చూడండి. మీవాడు బంతి ఏ చేత్తో విసురుతాడు? ఎడమ చేత్తో అయితే ఇప్పుడే పిచింగ్‌కో (మన బౌలింగ్ లాంటిది) ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కో మళ్లించండి. బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి అయిన మేజర్ లీగ్ మ్యాచ్‌లో ఎడమచేతి క్యాచర్ చివరిసారి కనిపించింది 1989లో. ఆయన పేరు బెన్నీ డిస్టెఫానో, ఆడింది మూడు మ్యాచ్‌లే. కుడిచేయి అయితే మాట్లాడుకుందాం.

చదువు పక్కన పెట్టాల్సిన పనే లేదు, పెట్టకూడదు కూడా. క్యాచర్ పనిలో మన వికెట్ కీపర్ చేసేది ఒక వంతే. ఏ బ్యాటర్‌కి ఏ బంతి వేయాలో పిచ్చర్‌కి చెప్పేది అతనే. మేజర్ లీగ్‌లో బేస్‌ల మీద ప్రత్యర్థులు ఎవరూ లేకపోతే పిచ్ క్లాక్ (బంతి వేయడానికి గడువు) 15 సెకన్లే ఇస్తుంది, ఆలోపే తేల్చాలి. 2026 నుంచి బంతి బ్యాటర్ కొట్టదగ్గ హద్దులో వచ్చిందా (స్ట్రైక్), బయట పోయిందా (బాల్) అన్న అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేసే వీలొచ్చింది. అది జట్టుకు రెండుసార్లే, సవాలు తప్పితే ఒకటి పోయినట్టే. ఆ హక్కు ఉన్న పిచ్చర్, క్యాచర్, బ్యాటర్ ముగ్గురిలో బంతిని అందరికంటే దగ్గరగా చూసేది క్యాచరే. ఈ విద్య పద్దెనిమిదేళ్లకు అబ్బదు. అందుకే హైస్కూలు నుంచి నేరుగా వెళ్లడం కంటే కాలేజీ మీదుగా వెళ్లడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. అయితే చాలా కాలేజీల్లో ఏ బంతి వేయాలో కోచే డగౌట్ (జట్టు కూర్చునే చోటు) నుంచి చెప్పేస్తాడు. కాలేజీని ఎంచుకునేటప్పుడు 'ఇక్కడ పిచ్‌లు ఎవరు కాల్ చేస్తారు?' అని తప్పక అడగండి. ర్యాంకింగ్ కంటే ఆ జవాబు ముఖ్యం.

డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీలో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. ఆ లెక్క తొమ్మిదో తరగతితోనే మొదలవుతుంది, అంటే ఈ ఏటి ఆల్జీబ్రా మార్కులూ అందులోవే. పదకొండో తరగతికి ముందు ఆగస్టు 1 నుంచి కోచ్‌లు నేరుగా మాట్లాడొచ్చు. మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ 20 రౌండ్లు. నాలుగేళ్ల కాలేజీలో చేరాక డ్రాఫ్ట్‌కి మూడేళ్లు పూర్తయ్యే వరకో, 21 ఏళ్లు వచ్చే వరకో ఆగాలి. రెండేళ్ల జూనియర్ కాలేజీకి ఆ అడ్డు లేదు.

కోచ్‌లు మొదట అడిగే అంకె పాప్ టైమ్. బంతి క్యాచర్ మిట్‌ను తాకినప్పటి నుంచి సెకండ్ బేస్ దగ్గర గ్లవ్‌లో పడే దాకా పట్టే సమయం అది. దూరం 127 అడుగుల పైచిలుకు. మేజర్ లీగ్ సగటు సుమారు 2 సెకన్లు. ఈ వయసులో 2.2, 2.3 ఉన్నా బెంగ లేదు, పదకొండో తరగతి వేసవికి 2.05 లోపు రావాలి. ఫోన్‌లో 240 ఫ్రేమ్‌ల స్లో మోషన్‌లో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి, 480 అయితే 2 సెకన్లు. ఇంట్లోవాళ్లు చెయ్యి బలమే అనుకుంటారు గానీ, తొందరగా బాగుపడేది మిట్‌లోంచి బంతి చేతికి మారే వేగం. సగం మంది పిల్లలు నిటారుగా లేచి నిలబడ్డాకే విసురుతారు, లేదా చేతిని మిట్ దాకా చాస్తారు. మిట్టే చెవి దగ్గరికి రావాలి, ఆలోపు కాళ్లు తిరిగిపోవాలి. అక్కడ పదో వంతు సెకను మిగిలితే, సెకండ్ బేస్ కొట్టేయడానికి పరుగెత్తే ప్రత్యర్థి దాదాపు రెండున్నర అడుగులు వెనక ఉన్నట్టు.

నేలమీద పడే బంతిని పట్టుకోబోవడం ఇంకో పొరపాటు. మిట్‌ను మోకాళ్ల మధ్య నేలకు ఆనించి, గడ్డం ఛాతీకి దించి, భుజాలు ముందుకు వంచితే బంతి ఎదురుగానే పడుతుంది. భయంతో ముఖం తిప్పుకుంటేనే మెడకు దెబ్బ తగులుతుంది. విసిరే చేతిని కాలి వెనక దాచుకోవాలి, లేదంటే బ్యాట్ అంచుకు తగిలి వచ్చే బంతులకు (ఫౌల్ టిప్) వేళ్లు విరుగుతాయి.

శరీరం కట్టే మూల్యం మీరు ముందే తెలుసుకోవాలి. మేజర్ లీగ్ క్యాచర్ జో మౌర్ 2013లో తలకు తగిలిన దెబ్బతో క్యాచింగ్ వదిలి ఫస్ట్ బేస్‌కి మారాడు. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది ఆ మౌరే. 2024 మేలో ఇంకో క్యాచర్ విల్సన్ కాంట్రెరాస్ ముంజేయి బ్యాటర్ బ్యాట్ తగిలి విరిగింది. స్ట్రైక్‌లా చూపించడానికి క్యాచర్లు బ్యాటర్‌కి మరీ దగ్గరగా జరగడమే ఇలాంటి గాయాలకు కారణం. మాస్క్‌కి గట్టిగా తగిలాక తలనొప్పి గానీ మగత గానీ ఉంటే ఆ రోజు ఆట బంద్, డాక్టరు సరేననే దాకా దిగకూడదు. ఒకే రోజు పిచింగ్, క్యాచింగ్ రెండూ చేయనివ్వకండి, ట్రావెల్ టీమ్ (స్కూలు బయటి జట్టు) కోచ్ ఎంత బతిమాలినా సరే. ఏడాదిలో నాలుగు నెలలు విసరడానికి సెలవివ్వండి.

ఇక డబ్బు. 2026లో మేజర్ లీగ్ కనీస జీతం 7,80,000 డాలర్లు. కానీ 30 జట్లలో ఒక్కోదానికి సాధారణంగా ఇద్దరే క్యాచర్లు. దాని కింది మెట్లయిన మైనర్ లీగ్‌లలో 2023 ఒప్పందం నాటి కనీసం డబుల్-ఏలో (రెండు మెట్ల కింద) ఏడాదికి 30,250, ట్రిపుల్-ఏలో (ఒక మెట్టు కింద) 35,800 డాలర్లు. మీ ఊరి రఫ్‌రైడర్స్ టెక్సాస్ రేంజర్స్‌కి చెందిన డబుల్-ఏ జట్టే. మ్యాచ్‌కి గంటన్నర ముందే వాడిని తీసుకెళ్లి క్యాచర్ ఒక్కడినే గమనించమనండి. మైనర్ లీగ్‌లోనే ఆగిపోయినా బుల్‌పెన్ క్యాచర్ (పిచ్చర్లకు సాధన చేయించేవాడు), కోచ్, స్కౌట్ (కొత్త ఆటగాళ్లను వెతికేవాడు) ఉద్యోగాలుంటాయి. 2022లో ఆట మానేసిన క్యాచర్ స్టీవెన్ వోట్ 2024కల్లా క్లీవ్‌లాండ్ మేజర్ లీగ్ జట్టు మేనేజర్ (ప్రధాన కోచ్).

మీ ఇంటికి అసలు ముడి వీసా. అమెరికా స్కూల్లో చదువుతున్నాడు కాబట్టి పౌరసత్వం లేకపోయినా డ్రాఫ్ట్‌కి అర్హుడే. కానీ హెచ్-4 మీద జీతం తీసుకోకూడదు. కాలేజీలో పేరు, ఫొటో వాడుకున్నందుకు వచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు కూడా చిక్కే, లాయర్‌ని అడగకుండా సంతకం వద్దు. జట్టు ఎంచుకుంటే ఆటగాళ్లకిచ్చే పీ-1 వీసాకి అదే దరఖాస్తు చేయగలదు, 2006 చట్టం నుంచి మైనర్ లీగ్ ఆటగాళ్లకూ ఇది వర్తిస్తుంది. 21 నిండితే హెచ్-4 పోతుంది, కాలేజీ మూడో ఏడు, డ్రాఫ్ట్ కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. అందుకని వాడి పుట్టిన తేదీ, మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ప్రయారిటీ తేదీ, అంటే క్యూలో వారి స్థానం చెప్పే తేదీ, పట్టుకుని ఈ ఏడాదే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. గ్రీన్‌కార్డు ఆలోపు రాదంటే ఎఫ్-1 విద్యార్థి వీసాకి ఎప్పుడు మారాలో ఆయన్నే అడిగి రాసుకోండి.