ఎల్ఈడీ వెలుగుతోంది, గిటార్ మాత్రం పలకట్లేదు

ప్రశ్న: గిటార్ సౌండ్ పెంచే ఎల్‌పీబీ-1 బూస్టర్ పెడల్‌ని సర్క్యూట్ బొమ్మ చూసి జీరో బోర్డు (చిల్లుల బోర్డు) మీద సొంతంగా చేసుకున్నాను. ఫుట్‌స్విచ్ ఆఫ్‌లో ఉంటే గిటార్ మామూలుగా వినిపిస్తుంది. ఆన్ చేస్తే ఎల్ఈడీ వెలుగుతుంది గానీ సౌండ్ రాదు. ఆంప్ (ఆంప్లిఫయర్) ఫుల్ పెడితే నూతిలోంచి వచ్చినట్టు సన్నగా ఏదో వినబడుతుంది. 2ఎన్5088 ట్రాన్సిస్టర్ దొరకలేదు. షాపతను ‘రెండూ ఒకటే’ అంటే బీసీ547 వేశాను. మొత్తం విప్పి మళ్లీ సోల్డరింగ్ చేయమంటారా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు, ముందు సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టండి. అనుమానంతో అన్నీ విప్పితే బాగున్న జాయింట్లు కూడా పాడవుతాయి.

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. స్విచ్ ఆఫ్‌లో గిటార్ వినిపిస్తోందంటే కేబుళ్లు, రెండు జాకులు, ఆంప్ బాగున్నట్టే. ఎల్ఈడీని మాత్రం నమ్మకండి. అది వెలిగితే స్విచ్ దాకా కరెంటు వచ్చిందని అర్థం, అంతే. దాని దారి వేరు, సౌండ్ దారి వేరు.

నా అనుమానం ఆ బీసీ547 మీదే. షాపతను అబద్ధం చెప్పలేదు, ఈ సర్క్యూట్‌కి అది చక్కగా సరిపోతుంది. కాళ్ల వరుసలోనే తేడా. చదునుగా ఉన్న వైపు మీకేసి తిప్పి, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే 2ఎన్5088కి ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్ వస్తాయి. బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. బొమ్మలో ఉన్నట్టే బిగించారంటే అది తిరగబడినట్టే. తిరగబడినా పూర్తిగా మూగబోదు, మీరన్న నూతి గొంతు దానిదే కావచ్చు.

తీసే ముందు మల్టీమీటర్‌తో ఖాయం చేసుకోండి. ఇన్‌పుట్ జాక్‌లో ప్లగ్ ఉంచండి, చాలా పెడళ్లలో అది దూర్చితేనే బ్యాటరీ మైనస్ కలుస్తుంది. మీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల వైరు గ్రౌండ్‌కి (బ్యాటరీ మైనస్ కలిసే చోటుకి), ఎర్రది ఒక్కో కాలికి ఆనించండి. 9 వోల్టుల బ్యాటరీ మీద బేస్ దగ్గర 0.7–0.8, ఎమిటర్ దగ్గర 0.2కి అటూ ఇటూ, కలెక్టర్ దగ్గర 4–5 వోల్టులు రావాలి. బోర్డులో కలెక్టర్ చోట 8 దాటి చూపిస్తే ట్రాన్సిస్టర్‌ని సగం చుట్టు తిప్పి పెట్టాల్సిందే. బేస్ రెండింటికీ మధ్యలోనే కాబట్టి ఇంకేమీ మార్చక్కర్లేదు. వీలైతే కొత్తది వేయండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చిల్లర డబ్బులకే ఇస్తారు, పాతది లోపల దెబ్బతిని ఉండొచ్చు.

తిప్పాక కూడా 8 పైనే ఉంటే ఎమిటర్ దగ్గరి రెసిస్టర్ చూడండి. 390 ఓమ్స్‌కి నారింజ, తెలుపు, గోధుమ. 39కే (39 వేల ఓమ్స్) అయితే నారింజ, తెలుపు, నారింజ. రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద గోధుమ, నారింజ ఒకేలా కనిపిస్తాయి. మీటర్‌తో కొలిచి వేసుకోవడమే మేలు. అన్నట్టు బేస్‌కి కలిపే 430కే, 43కే రెసిస్టర్లు దొరక్కపోతే 470కే, 47కే వేసుకోండి. నిష్పత్తి ఒకటే కాబట్టి వోల్టేజీ దాదాపు మారదు.

వోల్టేజీలన్నీ బాగుండి సౌండ్ మాత్రం రాకపోతే అది ఎక్కడ ఆగిపోతోందో వెతకాలి. పాత గిటార్ కేబుల్ ఒక చివర కోయండి. లోపలి తీగకి 104 అని రాసి ఉన్న 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కాలు అతికించండి, చుట్టూ ఉన్న జాలీ తీగని పెడల్ గ్రౌండ్‌కి క్లిప్ చేయండి. రెండో చివర ఆంప్‌కి. డీసీ వోల్టేజీ ఆంప్‌లోకి పోకుండా కెపాసిటర్ ఆపుతుంది. ఇన్‌పుట్‌కి ఫోన్‌లో పాట పెట్టి ఇస్తే చేతులు ఖాళీగా ఉంటాయి. ఇక కెపాసిటర్ రెండో కాలిని ఇన్‌పుట్ జాక్ నుంచి మొదలుపెట్టి మొదటి కెపాసిటర్ అటువైపు, బేస్, కలెక్టర్, రెండో కెపాసిటర్, పాట్ (వాల్యూమ్ తిప్పే నాబ్) మధ్య కాలు వరుసగా ఆనిస్తూ పోండి. కలెక్టర్ దగ్గర పాట గట్టిగా వినబడాలి. ఎక్కడ మాయమైతే తప్పు అక్కడే, అంతకుముందు చోటుకీ దానికీ మధ్య. ఆంప్ వాల్యూమ్ తగ్గించి పెట్టుకోండి, ఆనించినప్పుడల్లా టప్‌మంటుంది.

బల్ల మీద పలికి డబ్బా మూత పెట్టగానే మూగబోతే కంగారు పడకండి. నేను చేసిన మొదటి పెడల్‌కి అదే జరిగింది, ఒక ఆదివారం మొత్తం పోయింది. చివరికి చూస్తే అవుట్‌పుట్ జాక్‌లో సౌండ్ వెళ్లే టిప్ రేకు, గ్రౌండ్‌కి కలిసి ఉన్న అల్యూమినియం గోడకి తగులుతోంది. ఇన్సులేషన్ టేపు ముక్క వేస్తే సరిపోయింది.

బ్యాటరీ బదులు అడాప్టర్ పెట్టాలనుకుంటే దాని మీది పోలారిటీ గుర్తు చూడండి. రౌటర్ అడాప్టర్లకి పిన్ లోపల సాధారణంగా ప్లస్, పైగా చాలావాటికి 12 వోల్టులు. పెడళ్లలో ఎక్కువ వాటికి కావలసింది 9 వోల్టులు, లోపల మైనస్.