కనిపెట్టుకొని ఉండే 26 రోజులు

ప్రియమైన సునీతకు,

వందనాలమ్మా. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలతో సాగే ఆగమన కాలాన్ని ఇంట్లో ఎలా ఆచరించాలని అడిగావు. మీ ఆయన ఉద్యోగం సంగతి తేలక ఇద్దరూ నలిగిపోతున్నారు కాబట్టి ముందు ఒక్క మాట. బైబిల్లో 130వ కీర్తనలో కావలివాళ్లు ఉదయం కోసం ‘కనిపెట్టడం’, అంటే ఎదురుచూడడం, ఉంది. కావలివాడికి తెల్లవారుతుందన్న నమ్మకం ఉంటుంది, ఇంకెంత రాత్రి మిగిలిందో తెలియదంతే. అయినా నిద్రపోడు. మీరు చేయవలసిందీ అదే.

2026లో ఆగమన కాలపు మొదటి ఆదివారం నవంబరు 29న. తర్వాతివి డిసెంబరు 6, 13, 20. ఒక వెడల్పాటి పళ్లెంలో ఇసుక పోసి నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టు. మొదటి వారం ఒకటి, ఆపై ప్రతి ఆదివారం ఇంకొకటి కలిపి వెలిగించాలి. మూడు ఊదా, ఒకటి గులాబీ. గులాబీది మూడో ఆదివారానికి, అది సంతోషపు ఆదివారం. బీసెంట్ రోడ్డులో రంగులవి దొరక్కపోతే తెల్లవాటికే రిబ్బన్లు కట్టు, కానీ మంటకు అందకుండా అడుగున కట్టాలి. సన్నవి వద్దు. మొదటిది నాలుగు వారాలూ వెలగాలి, రోజుకు పది నిమిషాలన్నా మొత్తం నాలుగు గంటలు దాటుతుంది. రెండంగుళాల మందంవి తీసుకో. చుట్టూ సరుగుడు కొమ్మలు పెడితే అందంగానే ఉంటుంది గానీ అవి త్వరగా ఎండి భగ్గుమంటాయి, వారానికోసారి మార్చు. ఫ్యాను ఆపడం మరిచిపోకు.

ఇక చదవడం. లూకా సువార్తలో 24 అధ్యాయాలు, డిసెంబరు 1 నుంచి రోజుకొకటి. నవంబరు 29న 130వ కీర్తన, 30న హబక్కూకు గ్రంథం రెండో అధ్యాయం చదవండి. చాలామంది మొదటి రోజే చతికిలపడతారు, ఎందుకంటే లూకా మొదటి అధ్యాయంలో 80 వచనాలున్నాయి. పొద్దున సగం, రాత్రి సగం చదవండి. ఇంకో పొరపాటు ఏమిటంటే, క్రిస్మస్ పాటలు పాడుతూ ఇంటింటికీ కేరల్స్ తిరిగొచ్చి మూడు రోజులు చదవడం తప్పిపోతుంది, నాలుగో రోజు నాలుగు అధ్యాయాలు ఏకబిగిన లాగించేస్తారు, ఐదో రోజు మానేస్తారు. తప్పినవి వదిలెయ్. ఆ తేదీ అధ్యాయమే చదువు.

ప్రార్థనకు ఒకే మనవి పెట్టుకోండి. కాగితం మీద రాసి బైబిల్లో ఉంచండి. ‘25 లోపు ఉద్యోగం వస్తే ఇది చేస్తాం’ అని గడువు మాత్రం పెట్టకండి. అలా పెడితే 20 నుంచి రోజులు లెక్కబెట్టడమే మిగులుతుంది, క్రిస్మస్ నాడు ముఖం మాడ్చుకుని గుడికి వెళ్తారు. లూకా మొదటి అధ్యాయంలో పిల్లలు లేని యాజకుడు జెకర్యాకు ‘నీ ప్రార్థన వినబడినది’ అన్న మాట అందేసరికి అతను ముసలివాడు, తన వంతు వచ్చి ధూపం వేసే పనిలో ఉన్నాడు. మీ ఆయన్ని కూడా దరఖాస్తులు పెట్టడం ఆపనివ్వకు. ఇంటర్వ్యూ ఉన్న రోజు ఉపవాసం వద్దు, శుక్రవారం ఒక పూట చాలు. షుగరున్న మీ అత్తగారిని అసలు బలవంతపెట్టకు.

పండగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ కూడికలకు పిలుపులు వస్తాయి. ఒకటో రెండో వెళ్లండి, మిగతావాటికి మర్యాదగా రాలేమని చెప్పండి.

రోజూ ఒక డబ్బాలో పది రూపాయలు వెయ్యి. 26 రోజులకు 260. దానికి ఇంకొంచెం కలిపి దుప్పటి కొని, ప్రభుత్వాసుపత్రిలో రోగి దగ్గర కాపలా ఉన్నవాళ్లెవరికైనా ఇవ్వండి. 24 దాకా ఆగక 20నే ఇస్తే చలికి పనికొస్తుంది.

డిసెంబరు 24న చదవాల్సింది లూకా చివరి అధ్యాయం, యేసు చనిపోయి తిరిగి లేచిన సంగతి అందులో ఉంది. పుట్టుక పండగ ముందు రోజు పునరుత్థానమా అని మీ ఆయన అడుగుతాడు. ఆ అధ్యాయంలో ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు శిష్యులు ‘మేము నిరీక్షించియుంటిమి’, అంటే ఆశ పెట్టుకున్నాం, అని అయిపోయినదాని గురించి చెప్పినట్టు చెబుతారు, ఆ మాట వింటున్నది పక్కన నడుస్తున్న ప్రభువే. ఆ 21వ వచనం దగ్గర కాసేపు ఆగి, మీ కాగితం తీసి మళ్లీ చదువుకోండి. తర్వాత కొవ్వొత్తులు ఆర్పి గుడికి బయల్దేరండి.

మీ పెద్దమ్మ,
గుంటూరు