ట్రెండ్‌లైన్ చూసి అప్పు చేయొచ్చా? ఈసారి మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. గ్రాఫ్ మీద చుక్కలు పెట్టి, వాటి మధ్యలోంచి ఒక తిన్నని గీత (ట్రెండ్‌లైన్) గీసి, ఆ గీత ముందుకి ఎక్కడికి పోతుందో చూడటం. వేరేవాటికి వచ్చే నెల జవాబులిస్తాను, ఇవి మాత్రం కాస్త వివరంగా చెప్పాలనిపించింది, ఎందుకంటే ఒకాయన దీని మీద లోన్ తీసుకోబోతున్నారు.

ప్రశ్న: సార్, జనవరిలో కూల్‌డ్రింక్స్, ఐస్‌క్రీమ్ షాపు పెట్టాను. అమ్మకాలు జనవరి 40 వేలు, ఫిబ్రవరి 47, మార్చి 61, ఏప్రిల్ 74, మే 83 వేలు. మా అల్లుడు ఎక్సెల్‌లో ట్రెండ్‌లైన్ పెడితే ఆర్ స్క్వేర్ 0.99 వచ్చింది, అంటే 99 శాతం కరెక్ట్ అంటున్నాడు. డిసెంబర్‌కి లక్షా 62 వేలు చూపిస్తోంది. ఇంకో రెండు డీప్ ఫ్రీజర్లు లోన్ మీద తీసుకోవచ్చా? (ఒక షాపు యజమాని, ఖమ్మం)

జవాబు: ఇప్పుడే తీసుకోవద్దండీ. మీ అల్లుడు లెక్క తప్పు చేయలేదు, నేను కూడా వేసి చూశాను, నెలకి సగటున 11,300 పెరుగుదల, 12వ నెలకి లక్షా 62 వేల 700, అంతా కరెక్టే. కానీ ఆర్ స్క్వేర్ 0.99 అంటే జోస్యం 99 శాతం నిజమవుతుందని కాదు. మీ దగ్గరున్న ఐదు నెలల్లో అమ్మకాలు పైకి కిందకి మారిన తేడాని ఆ గీత ఎంతవరకు పట్టుకుందో అది చెప్తుంది, అంతే. ఆరో నెల గురించి దానికి ఒక్క ముక్క తెలీదు.

అసలు అడగాల్సింది ఈ అమ్మకాల్ని పైకి లాగుతున్నది ఏంటి అని. జనవరి నుంచి మే దాకా ఖమ్మంలో ఏం పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఎండ పెరిగింది! మీ గీత సగం మీ షాపు గురించి చెప్తుంటే సగం ఎండ గురించి చెప్తోంది, రెండూ కలిసిపోయి ఒకే గీతలా కనిపిస్తున్నాయి. జూన్ రెండో వారం అటూ ఇటుగా వానలు మొదలయ్యాక ఆ ఎండ భాగం దిగిపోతుంది, డిసెంబర్ చలిలో ఇంకా దిగుతుంది. కొత్త షాపు కాబట్టి జనానికి అలవాటై పెరిగిన భాగం మాత్రం నిలబడుతుంది, అది ఎంతో ఈ ఐదు నెలల్లోంచి విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదు.

ఇంకోటి గమనించండి, నెల నెలకి ఎంత పెరిగిందో పక్కపక్కన రాస్తే 7 వేలు, 14, 13, 9. పెరుగుదల అప్పుడే నెమ్మదించింది. మొత్తం అంకెలు చూస్తే ఇది కనపడదు, తేడాలు రాసుకుంటేనే కనపడుతుంది. గీత గీసే ముందు ఒకసారి తేడాలు రాసుకోండి, దానికి ఎక్సెల్ కూడా అక్కర్లేదు.

మరి ఏం చేయాలంటే, మీకు సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్‌ని అడగండి, మీ వీధిలాంటి వీధిలో రెండు మూడేళ్లుగా నడుస్తున్న షాపు మే నెలలో 100 రూపాయల సరుకు తీసుకుంటే డిసెంబర్‌లో ఎంత తీసుకుంటుందని. ఉదాహరణకి 45 అని చెప్పారనుకోండి, మీ మే అమ్మకం 83 వేలలో 45 శాతం అంటే 37 వేలు చిల్లర, దాని మీద కొత్త కస్టమర్ల కోసం కొంచెం కలుపుకోండి. లక్షా 62 వేలు ఎక్కడ, ఇది ఎక్కడ! వచ్చే ఏడాది మార్చి వచ్చేసరికి మీ చేతిలో రెండు మార్చిలు ఉంటాయి, ఈ మార్చికి ఆ మార్చికి తేడా చూస్తే అప్పుడు ఎండ పక్కకి పోయి మీ షాపు అసలు పెరుగుదల బయటపడుతుంది. ఫ్రీజర్ల సంగతి అప్పుడు చూడొచ్చు, ఈలోపు కూల్‌డ్రింక్ కంపెనీల వాళ్లు కూలర్ పెడతారేమో కనుక్కోండి.

ప్రశ్న: సార్, ప్రాజెక్ట్ కోసం మన దేశ జనాభా సెన్సస్ లెక్కలు తీసుకున్నా. 1981లో 68.3 కోట్లు, 1991లో 84.6, 2001లో 102.9, 2011లో 121.1. ఎక్సెల్ లైన్ చార్ట్‌లో ట్రెండ్‌లైన్ పెడితే వై = 17.67 ఎక్స్ + 50.05 అని వచ్చింది. ఎక్స్ దగ్గర 2023 వేస్తే 35 వేల కోట్ల పైన వస్తోంది! ఎక్కడ తప్పు? ఇంకో డౌట్, మా లెక్చరర్ గారు డేటా దాటి గీతని పొడిగించకూడదంటారు, పొడిగించకపోతే మరి ప్రెడిక్షన్ ఎలా చేస్తాం? (బీఎస్సీ విద్యార్థి, విజయనగరం)

జవాబు: మొదటిది చాలామంది పడే గొయ్యి తమ్ముడూ. లైన్ చార్ట్‌లో ఎక్సెల్ నీ సంవత్సరాలని అంకెలుగా చూడదు, పేర్లుగా చూస్తుంది, లెక్కలో మాత్రం 1, 2, 3, 4 వాడుకుంటుంది. 1981 అంటే 1, 2011 అంటే 4, అలా చూస్తే 2023 అంటే 5.2 అవుతుంది. అది వేసి చూడు, 141.9 కోట్లు వస్తుంది. ఇకమీదట స్కాటర్ చార్ట్ వాడు, అందులో ఎక్స్ నిజంగా సంవత్సరమే. ఇంకో జాగ్రత్త, స్కాటర్‌లో సమీకరణం చూపించేటప్పుడు దశాంశాలు తగ్గించి చూపిస్తుంది, 2023 లాంటి పెద్ద అంకెతో గుణించినప్పుడు ఆ చిన్న తగ్గింపే కోట్లలో తేడా తెస్తుంది, అందుకని దశాంశాలు పెంచుకో లేదా ఫోర్‌కాస్ట్ ఫార్ములా వాడు.

ఇప్పుడు రెండో డౌట్, నాకు బాగా నచ్చిన డౌట్. 2021 సెన్సస్ కోవిడ్ వల్ల జరగలేదు కదా, 2023లో ఐక్యరాజ్యసమితి అంచనా 142 కోట్ల పైచిలుకు. నీ నాలుగు చుక్కల గీత చెప్పింది దాదాపు 142. పన్నెండేళ్లు ముందుకి పొడిగిస్తే అంత దగ్గరగా వచ్చింది! అదే గీతని వెనక్కి పొడిగించి చూడు. 1951కి 14.7 కోట్లు అంటుంది, ఆ ఏడాది సెన్సస్‌లో అసలు జనాభా 36.1 కోట్లు. ఇంకా వెనక్కి పోతే 1942 చివర్లో సున్నా అయిపోతుంది, అంటే క్విట్ ఇండియా ఉద్యమం జరిగిన ఏడాదే దేశంలో ఒక్క మనిషి కూడా లేనట్టు. నిజానికి 1941లోనే ఇప్పటి భారత సరిహద్దుల లోపల దాదాపు 32 కోట్ల మంది ఉన్నారు. ఒకే గీత, ముందుకి పన్నెండేళ్లు బాగా పనిచేసింది, వెనక్కి ముప్పై ఏళ్లకే సగం కూడా చెప్పలేకపోయింది.

ఎందుకలా అంటే జనాభా తిన్నగా పెరిగే వస్తువు కాదు, ఉన్నవాళ్లలో ఇంత శాతం చొప్పున పెరుగుతుంది. 1981 నుంచి 91 దాకా పెరుగుదల 24 శాతం దగ్గర, తర్వాతి పదేళ్లలో 21.5, ఆ తర్వాత 17.7. శాతం తగ్గుతూ వచ్చింది, కానీ ఆ శాతం వేసే మొత్తం పెరుగుతూ వచ్చింది, రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుని ప్రతి పదేళ్లకీ 16 నుంచి 18 కోట్లు కలిసేలా కుదిరింది. ఆ కుదిరిన కాలంలో మాత్రమే నీ గీతకి బలం. అది ఎప్పటికీ కుదరదు కూడా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక స్త్రీకి సగటు పిల్లలు దేశం మొత్తానికి 2.0కి దిగారు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. కాబట్టి ఇదే గీతతో 2060 జనాభా చెప్పకు.

మన దగ్గర ఇది ఆల్రెడీ ఒకసారి జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 1981లో 5.35 కోట్లు, 1991లో 6.65. ఆ పదేళ్ల వేగాన్నే గీతగా పొడిగిస్తే 2011కి 9.25 కోట్లు రావాలి. వచ్చింది 8.46. దాదాపు 80 లక్షల తేడా, 2011లో గ్రేటర్ హైదరాబాద్ మొత్తం జనం కంటే ఎక్కువ. ఆ అంకె పట్టుకుని స్కూళ్లు, మంచినీళ్లు, రేషన్ ప్లాన్ చేసి ఉంటే ఎంత తేడా పడేదో ఊహించు. జననాల రేటు పడిపోవడం రెండు చుక్కల్లో కనపడదు, చుక్కల వెనక కుటుంబాల్లో ఏం జరుగుతోందో చూసినవాళ్లకే కనపడుతుంది.

మీ లెక్చరర్ గారు చెప్పింది కరెక్టే, కాకపోతే నేను కొంచెం మార్చి చెప్తాను. పొడిగించు, కానీ ముందు గీతకి పరీక్ష పెట్టు. చివరి చుక్క దాచేసి మిగతావాటితో గీత గీసి, దాచిందాన్ని చెప్పమను. 1981, 91, 2001తో గీస్తే 2011కి 119.9 వస్తుంది, అసలు 121.1, పర్లేదు. అదే 1951, 61, 71 తీసుకో, 36.1, 43.9, 54.8, వీటితో గీస్తే 1981కి 63.6 వస్తుంది, అసలు 68.3. దాదాపు ఐదు కోట్లు తక్కువ చెప్పింది, అంటే ఆ కాలంలో జనాభా గీతలా కాదు, పైకి వంగుతూ పోతోందన్నమాట. నీ ప్రాజెక్ట్‌లో ఈ రెండు పరీక్షలూ పక్కపక్కన పెట్టు, 35 వేల కోట్ల సంగతి కూడా దాచకుండా రాయి, మార్కులు దానికే ఎక్కువ రావాలి.

ప్రశ్న: ఒలింపిక్స్ 100 మీటర్లలో ఆడవాళ్లు 2156కల్లా మగవాళ్లని దాటేస్తారని సైంటిస్టులు తేల్చారని చదివాను. నిజమేనా? (పీఈటీ, వరంగల్)

జవాబు: 2004లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన మాటే అది. అప్పటిదాకా ఒలింపిక్స్ విజేతల టైమింగ్స్ మీద ఆడవాళ్లకో గీత, మగవాళ్లకో గీత గీశారు, ఆడవాళ్ల గీత వేగంగా దిగుతోంది కాబట్టి రెండూ 2156 ప్రాంతంలో కలిశాయి. వెంటనే వేరే పరిశోధకులు ఎత్తి చూపించారు, అవే గీతలు ఇంకొంచెం పొడిగిస్తే 2636 ప్రాంతంలో పరుగు టైమ్ సున్నా కంటే తక్కువకి పోతుందని. పరుగుకి శరీరం పెట్టే హద్దు ఉంది, గీతకి ఆ హద్దు తెలీదు. ఆడవాళ్ల గీత అంత వేగంగా దిగడానికి ఒక కారణం వాళ్లకి 100 మీటర్ల పోటీ 1928లో గానీ పెట్టకపోవడం, ఆలస్యంగా అవకాశం వచ్చినవాళ్లు మొదట్లో గబగబా మెరుగవుతారు. 1988 సియోల్‌లో కార్ల్ లూయిస్ 9.92, ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 10.54, తేడా 0.62 సెకన్లు. 2024 పారిస్‌లో నోవా లైల్స్ 9.79, జూలియన్ ఆల్ఫ్రెడ్ 10.72, తేడా 0.93. దగ్గర పడలేదు కదా. మీ స్కూల్ ఆడపిల్లలకి మాత్రం ఈ తేడాలు చెప్పి ఆపేయకండి, వాళ్ల సొంత టైమింగ్స్ నెల నెలా రాయించండి.

ప్రశ్న: మా పాప పుట్టినప్పుడు 3.2 కిలోలు, మూడో నెలకి 5.8 అయింది, నెలకి దాదాపు 870 గ్రాములు పెరిగింది. ఆరు నెలలు నిండాక తూస్తే 7.3 ఉంది. ఫోన్ యాప్‌లో గీత చూస్తే 8.4 ఉండాలి. పాలు చాలట్లేదని మా అత్తగారు డబ్బా పాలు పట్టమంటున్నారు. భయంగా ఉంది. (ఒక తల్లి, తెనాలి)

జవాబు: భయపడకమ్మా. మీ పాప గీత కిందకి పోలేదు, అక్కడ తిన్నని గీత గీయడమే తప్పు. డబ్ల్యూహెచ్‌వో 2006లో విడుదల చేసిన ఎదుగుదల చార్టులో ఆడపిల్లల మధ్య విలువలు (సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ ఉండే బరువు) చూడండి, పుట్టినప్పుడు 3.2, మూడు నెలలకి 5.8, ఆరు నెలలకి 7.3, తొమ్మిదికి 8.2, ఏడాదికి 8.9. మీ పాప అచ్చంగా దాని మీదే నడుస్తోంది. మొదటి మూడు నెలల్లో 2.6 కిలోలు, తర్వాతి మూడు నెలల్లో 1.5, ఆపై 0.9, ఆపై 0.7, పసిపిల్లలు ఎదిగే తీరే అంత, మొదట్లో గబగబా, తర్వాత నెమ్మదిగా. మొదటి మూడు నెలల వేగమే పట్టుకుంటే ఏడాదికి 13.6 కిలోలు ఉండాలి, అలా ఎవరింట్లోనూ ఉండదు.

ఆ యాప్ పక్కన పెట్టి అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు తీయండి, అందులో వంపు తిరిగిన గీతలతో చార్ట్ ఉంటుంది. ప్రతి నెలా ఒకే తూకం మీద, పల్చటి బట్టలతో తూయించి చుక్క పెట్టించండి. చుక్కలు ఆ వంపుతో పాటే పోతుంటే పాలు చాలుతున్నట్టే. రెండు నెలలు వరసగా బరువు కదలకపోయినా, ఒక గీత మీదున్న పాప దాని కింద గీతకి దిగినా, డాక్టర్‌కి ఆ కార్డే చూపించండి. ఆరు నెలలు నిండాయి కాబట్టి మీ పాలతో పాటు మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు పెట్టడం మొదలుపెట్టండి. మీ అత్తగారికి కూడా ఈ కార్డు చూపించి 3.2, 5.8, 7.3 ఎక్కడున్నాయో వేలు పెట్టి చెప్పండి.