స్టాటిస్టిక్స్ చెప్పే అమ్మాయిని మళ్లీ స్టాటిస్టిక్స్ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో సోషల్ సైకాలజీ పీహెచ్‌డీ మూడో ఏడు చదువుతోంది. డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ ల్యాబ్ చెబుతోంది, స్టైపెండ్ వస్తోంది. ఈ చదువుకు ఉద్యోగాలుండవని అందరూ అంటున్నారు. మానేసి డేటా సైన్స్ ఎంఎస్‌లో చేరమంటే వినడం లేదు. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అడిగేది కోర్సుల గురించే అయినా, 'మీ అమ్మాయి ఏం చదువుతోంది' అని చుట్టాలు అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నామన్న ఇబ్బంది దాని వెనకాల ఉంటుంది. రేపు తన కాళ్ల మీద తను నిలబడుతుందా అన్న బెంగా ఉంటుంది. నిలబడుతుంది. ఎందుకంటున్నానో వినండి.

సోషల్ సైకాలజీ అంటే మానసిక వైద్యం కాదు. మనిషి నలుగురిలో ఉన్నప్పుడు ఎలా ఆలోచిస్తాడు, ఎవరిని నమ్ముతాడు, ఎవరిని దూరం పెడతాడు అన్నది ప్రయోగాలు పెట్టి కొలిచే శాస్త్రం. ప్రశ్నావళి తయారు చేయాలి, అది కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అని పరీక్షించాలి, ఎంతమంది మీద ప్రయోగం చేస్తే ఫలితాన్ని నమ్మొచ్చో ముందే లెక్కగట్టాలి, మనుషుల్ని లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీయాలి. ఈ లాటరీ పద్ధతి సత్తా ఏమిటో మన దగ్గరే చూశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలుపెట్టి, ప్రభుత్వ బడుల్ని ఇలాగే విడదీసి, టీచర్లకు ప్రోత్సాహక బోనస్ ఇస్తే పిల్లల చదువు మెరుగవుతుందా అని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పరిశీలించారు. బోనస్ ఇచ్చిన బడుల పిల్లలకు లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగాయి. కంపెనీలు తమ యాప్‌లో రెండు రకాల పేజీలు పెట్టి ఏది పనిచేస్తుందో చూసే ఏ/బీ టెస్టింగ్‌కు మూలం కూడా ఈ లాటరీ పద్ధతే.

ఆ రంగంలో లోపాలు లేవని నేననను. 2015లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనంలో వంద సైకాలజీ ప్రయోగాల్ని మళ్లీ చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే నిలబడ్డాయి. ఆ దెబ్బతో పద్ధతులు కట్టుదిట్టమయ్యాయి. ఏం పరీక్షిస్తామో ముందే నమోదు చేయడం, డేటాను, కోడ్‌ను బయటపెట్టడం ఆ తర్వాతే బాగా ఊపందుకున్నాయి. మీ అమ్మాయి చదువుతున్నది ఆ తర్వాతి కాలంలో. ఏ సంఖ్యను నమ్మకూడదో తెలిసిన మనిషి ఏ ఆఫీసుకైనా అవసరమే.

ఇక మీరు ముచ్చటపడుతున్న డేటా సైన్స్. దాని మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. లెక్కల్లో పునాది గట్టిగా ఉండి, మంచి యూనివర్సిటీలో చేరినవాళ్లకు అది మంచి చదువే. కానీ నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నారు, డేటా నుంచి అంచనాలు కట్టే మోడళ్లు నాలుగు నడిపారు, రెజ్యూమేలో ఒకేలాంటి ప్రాజెక్టులు రాసుకున్నారు. ఈ డేటా ఎక్కడిది, ఇందులో ఎవరు లేరు, ఈ సంబంధం కారణమా కాకతాళీయమా అని అడిగితే ఆగిపోతున్నారు. కోడ్ రాసిపెట్టే పనిముట్లు ఇంటింటికీ వచ్చాక, ఒక్క కోడ్‌తోనే నెగ్గుకురావడం ఇంకా కష్టమైంది. పైగా ఆ ఎంఎస్‌కు సాధారణంగా ఫీజు మనమే కట్టాలి. స్టైపెండ్ వచ్చే సీటు వదిలి, అప్పు చేసి, తను పిల్లలకు చెబుతున్న రిగ్రెషన్‌నే (అంశాల మధ్య సంబంధాన్ని లెక్కగట్టే పద్ధతి) మళ్లీ డబ్బు కట్టి చదవమంటున్నారు!

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. ఇంత ఉత్తరం రాశారు, అమ్మాయి దేని మీద పరిశోధన చేస్తోందో ఒక్క వాక్యం రాయలేదు. మీకు తెలియదనే అనుకుంటున్నాను. మూడేళ్లలో ఒక్కసారైనా అడగాల్సింది. లెక్కలంటే భయపడే పిల్లలకు పరాయి దేశంలో, పరాయి భాషలో పీ-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం ఎంతో చెప్పే సంఖ్య) అర్థమయ్యేలా చెప్పడం తేలిక కాదు. చుట్టాల మాట విన్నంత ఓపిగ్గా ఆమె మాటా వినండి.

పోల్చమన్నారు కాబట్టి ముక్తసరిగా చెబుతాను. ప్రొఫెసర్ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. దాని మీదే ఆశ పెట్టుకోవద్దని ఆమెకూ చెబుతాను. యూఎక్స్ రీసెర్చ్ (యాప్‌లు, వెబ్‌సైట్లు జనం ఎలా వాడుతున్నారో పరిశీలించే పని), సర్వే సంస్థలు, ప్రజారోగ్య పథకాల మూల్యాంకనం లాంటివి ఆమెకు సరిపోతాయి. స్టాటిస్టిక్స్‌కు వాడే 'ఆర్' భాషతో పాటు డేటాబేస్ నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్, కాస్త పైథాన్ నేర్చుకుని, ఒక వేసవి ఇంటర్న్‌షిప్ చేస్తే దారి సుళువవుతుంది. వీసా సంగతి: సోషల్ సైకాలజీ అమెరికా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల) జాబితాలో ఉంది, కోడ్ 42.2707. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే వీసా పత్రం మీద ఆ కోడ్ ఉంటే, చదువయ్యాక అక్కడే పనిచేసుకునే 12 నెలల అనుమతికి (ఓపీటీ) మరో 24 నెలల పొడిగింపు అడగొచ్చు. కొన్ని విభాగాలు జనరల్ సైకాలజీ కోడ్ వేస్తాయి, దానికి ఆ పొడిగింపు రాదు. కాబట్టి ఇప్పుడే చూసుకోమనండి, అనుమానముంటే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగమనండి. ఆమెకే ఈ చదువు మీద మనసు విరిగితే, చాలా యూనివర్సిటీల్లో మధ్యలో మాస్టర్స్ పట్టా తీసుకుని బయటకు రావచ్చు. ఆ నిర్ణయం మాత్రం ఆమె నోటి నుంచి రావాలి.