ఫీజు కట్టే ముందు ఆ నోటు పుస్తకం చూడండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్ళ క్రితమే చెన్నై వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఎమ్మెస్సీలో చేరమంటే, మేకప్ ఆర్టిస్టును అవుతానని పట్టుబడుతోంది. బంధువుల పెళ్ళిళ్ళలో ఇప్పటికే కొందరికి మేకప్ చేసింది, బాగుందనే అన్నారు. ఒక నోటు పుస్తకం నిండా ముఖాలు గీసి, రంగులు వేసి, పక్కన ఏదేదో రాసుకుంటూ ఉంటుంది. ఒక శిక్షణ సంస్థలో మూడు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. దీన్ని వృత్తి అనుకోవచ్చా? చదివిన చదువు వృథా అవుతుందా? వేళ కాని వేళల్లో ఆడపిల్ల తిరగవలసి వస్తుందని వాళ్ళ నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెబుతాను కానీ, మధ్యలో మాటవరసకు ప్రస్తావించిన ఆ నోటు పుస్తకం దగ్గరే ముందు ఆగాలనిపించింది. మేకప్ నేర్చుకుంటామని సలహాకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది తాము చేసిన ముఖాల ఫొటోలు ఫోనులో చూపిస్తారు. అలా ఎందుకు చేశారో రాసిపెట్టుకున్నవారు అరుదు. అందుచేత ఒక తీరిక సాయంత్రం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పుస్తకంలో పేజీ పేజీకీ 'ఇది ఇలా ఎందుకు వేశావు?' అని అడగండి. 'ఇలాంటిది ఒక వీడియోలో చూశాను' అన్న జవాబే మళ్ళీ మళ్ళీ వస్తే తొందరపడవలసిన పని లేదు. అలా కాకుండా, 'పెద్దమ్మ కళ్ళ కింద నలుపులో నీలిచాయ ఉంది, నేరుగా ఫౌండేషన్ పూస్తే బూడిద రంగు తేలుతుందని ముందు పలచగా నారింజ రంగు కరెక్టర్ అద్దాను' అన్న తరహాలో కారణం చెప్పగలిగితే, ఆ పిల్ల ముఖాన్ని పరిశీలించడం నేర్చుకుంటోందని అర్థం. బ్రష్షు పట్టడం ఏ సంస్థలోనైనా నేర్పుతారు. ఈ పరిశీలనను మాత్రం లక్షన్నరకు ఎవరూ అమ్మరు. నా సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇది వృత్తి అవునా కాదా అన్న సందేహానికి చెన్నైలో ఉన్నవారు దూరం వెతకనక్కరలేదు. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించినప్పుడే ఆహార్యం పేరుతో వేషానికీ ముఖవర్ణానికీ ఒక స్థానం ఇచ్చింది. మన సినిమా మద్రాసులో పెరిగిన రోజుల్లో పీతాంబరం గారు ఇటు ఎన్టీ రామారావు గారికీ అటు ఎంజీఆర్ గారికీ మేకప్ చేసి పేరు తెచ్చుకున్నారు. దర్శకుడు పి. వాసు ఆయన కుమారుడే. అయితే ఆ రంగంలో ఆడవారికి తలుపులు చాలాకాలం మూసే ఉన్నాయి. సినిమా మేకప్ సంఘాలు స్త్రీలకు కేశాలంకరణ పని మాత్రమే ఇచ్చి, మేకప్ కార్డు నిరాకరిస్తూ వచ్చాయి. మేకప్ కళాకారిణి చారు ఖురానా వేసిన కేసులో 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పింది. మీ అమ్మాయి అడుగు పెట్టబోయేది ఆ తీర్పు వచ్చిన తరువాతి కాలంలో. ఉత్తమ మేకప్ కళాకారుడికి జాతీయ చలనచిత్ర పురస్కారం కూడా ఉంది. 2018 సంవత్సరానికి అది 'అ!' అనే తెలుగు సినిమాకు పనిచేసిన రంజిత్ గారికి వచ్చింది. నాన్నగారికి ఇవి చెప్పి చూడండి.

డిగ్రీ వృథా అవుతుందన్న భయం మాత్రం నాకు అర్థం కాలేదు, ఎందుకంటే ఈ పనికి కెమిస్ట్రీ కంటే దగ్గరి చదువు కనబడటం కష్టం. ఫౌండేషన్‌లో కనిపించే రకరకాల చాయలన్నీ ప్రధానంగా పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లను తెల్లని టైటానియం డయాక్సైడ్‌తో వేర్వేరు పాళ్ళలో కలిపి తయారుచేసేవే. ఆ టైటానియం డయాక్సైడ్ ఎక్కువైన సన్‌స్క్రీన్ గానీ, సిలికా పొడి గానీ ముఖం మీద మందంగా ఉంటే, కళ్ళకు బాగానే కనిపించిన పెళ్ళికూతురు ఫ్లాష్ ఫొటోలో సున్నం పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఇంట్లో సరిపోయిన చాయ మండపానికి వెళ్ళేసరికి ఎందుకు ముదురుతుందో, నల్ల మెహందీలో కలిపే పీపీడీ అనే రంగు రసాయనం కొందరి చర్మాన్ని ఎందుకు కాలుస్తుందో, తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఎంత ప్రమాదమో చదివినవారికి వేరుగా నేర్పనక్కరలేదు. పని చేసే ముందు చెవి వెనుకో మోచేతి మడతలోనో కొద్దిగా పూసి ఒక రోజు ఆగి చూడటం, డబ్బాలోకి వేలు పెట్టకుండా స్పాచులాతో స్టీలు పలక మీదికి తీసుకోవడం, మస్కారాకు మనిషికొక కొత్త బ్రష్షు వాడటం వంటివన్నీ ప్రయోగశాలలో అలవడే క్రమశిక్షణే. రేపు ఈ పని విసుగు పుట్టినా, సౌందర్య సాధనాల తయారీ సంస్థల్లో ఉత్పత్తి, నాణ్యత విభాగాల తలుపు తట్టడానికి ఆ డిగ్రీయే పనికొస్తుంది. కెవిన్‌కేర్ వంటి సంస్థ ప్రధాన కార్యాలయం చెన్నైలోనే ఉంది. కాబట్టి ఆఖరి సంవత్సరం పూర్తి చేయవలసిందే. ఈ విషయంలో అమ్మాయి బేరమాడినా మీరు తగ్గవద్దు.

ఇక సృజన సంగతి. ఇంగ్లండులో పుట్టిన జమైకా సంతతి కళాకారిణి ప్యాట్ మెగ్రాత్, మేకప్‌లో ఏ శిక్షణా పొందకుండానే ఈ రంగంలో అగ్రస్థానానికి చేరారు. 2021లో ఆమెకు బ్రిటన్‌లో స్త్రీలకిచ్చే ఉన్నత గౌరవమైన 'డేమ్' బిరుదు ఇచ్చారు. ఒక మేకప్ కళాకారిణికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. తనకు రంగులను, ముఖాలను చూడటం నేర్పింది తల్లేనని ఆమె చాలాసార్లు చెప్పుకున్నారు. మీరు చేయగలిగిన సాయం కూడా అటువంటిదే. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం మీకు ఎంతో దూరం కాదు. అక్కడ అమరావతి శిల్పాల ముందు అమ్మాయిని పెన్సిలుతో ఒక పూట కూర్చోనివ్వండి. ఆ స్త్రీల తలకట్టు ఎలా ముడిచారో, చెవి కమ్మ బరువు ముఖం వెడల్పును ఎలా మార్చిందో, రంగు ఏమీ లేకుండానే కనురెప్ప ఎలా కనబడిందో గీసుకోమనండి. చోళుల కాలపు కంచు విగ్రహాలు కూడా ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. వెంపటి చినసత్యం గారు 1963లో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ఈ ఊళ్ళోదే. సత్యభామ వేషం వేసిన నర్తకి కన్ను చివరి వరుసకు కనిపించాలంటే కాటుక ఎంత దూరం లాగాలో, అదే కన్ను మూడు అడుగుల దూరంలోని కెమెరాకు ఎంత అతిగా కనిపిస్తుందో ఒకసారి పోల్చి చూసుకుంటే, అద్దంలో బాగుందా లేదా అన్నదొక్కటే కొలత కాదని తనకే తెలుస్తుంది. అందరూ చూసే వీడియోలే చూసి నేర్చుకున్నవారి పనిలో అందరి ముఖాలూ ఒకటే ముఖమై పోతున్నాయన్నది, ఈ మధ్య పెళ్ళి ఫొటోలు చూసిన నా నిశ్చితాభిప్రాయం.

ఒక తెలుగు పెళ్ళినే తీసుకోండి. చెన్నై ఉక్కలో, తెల్లవారుజాము ముహూర్తానికి రెండు గంటల వేళ మొదలైన మేకప్, మంగళస్నానపు తడి ఆరని జుట్టుతో మొదలై, పూలజడ బరువునూ బాసికం దారం నుదుటి మీద చేసే ఒరిపిడినీ భరించాలి. హోమం పొగకు కళ్ళ వెంట నీళ్ళు కారుతాయి. తలంబ్రాలలోని పసుపు చెంపల మీదా ముక్కు మీదా అంటుకుంటుంది. దాన్ని గట్టిగా తుడిస్తే కింది బేస్ కూడా లేచిపోతుంది కనుక, మెత్తటి పొడి బ్రష్షుతో దులపాలే తప్ప రుద్దకూడదు. ఇంకొక చిక్కు ఉంది. జీలకర్ర బెల్లం పెట్టే ఫొటోలో పెళ్ళికూతురి ముఖమూ చేయీ ఒకే చట్రంలో పడతాయి. ముఖాన్ని రెండు చాయలు తెల్లగా చేసి చేతుల్ని అలాగే వదిలేస్తే, ఆ ఫొటో జీవితాంతం వెక్కిరిస్తుంది.

ఈ తెలుపు సంగతి మీ అమ్మాయితో తప్పక మాట్లాడండి. 'ఇంకొంచెం తెల్లగా చేయమ్మా' అని కాబోయే అత్తగారో మేనత్తో పక్కన నిలబడి అనడం దాదాపు ప్రతి పెళ్ళింట్లోనూ ఉండేదే. డబ్బిచ్చేది వాళ్ళు. అద్దంలో తనను తాను గుర్తుపట్టలేక ఇబ్బంది పడేది పెళ్ళికూతురు. ముందుగా చేసే ట్రయల్‌లోనే పెళ్ళికూతురిని ఒంటరిగా అడిగి, మెడకూ చేతికీ సరిపడే చాయ నిర్ణయించి, ఆ తరువాత దానిమీదే నిలబడేవారు ఉన్నారు. అడిగినట్టల్లా పూసి డబ్బు తీసుకునేవారూ ఉన్నారు. తాను ఎటు ఉంటానో, ఎందుకు ఉంటానో మీ అమ్మాయి ఆ నోటు పుస్తకంలోనే నాలుగు వాక్యాలు రాసుకోవాలి. ఏ రంగు చెమటకు కరిగిపోయింది, ఏ పెళ్ళికూతురు అద్దం చూసి ఏమంది, ఎక్కడ చేయి ఎక్కువ పడింది అన్నవి పని అయిన రాత్రే రాసే అలవాటు ఉంటే, రెండేళ్ళలో ఆ పుస్తకం ఏ సర్టిఫికెట్ కంటే కూడా ఎక్కువ పనికొస్తుంది.

ఆదాయం నెల జీతంలా రాదు. ఆషాఢంలోనూ, తమిళుల ఆడి మాసంలోనూ, మార్గళిలోనూ పెళ్ళిళ్ళు ఉండవు. ముహూర్తాలున్న నెలల్లో ఊపిరి సలపదు. మార్గళి కచేరీలు, జనవరి నాట్యోత్సవాలు, అరంగేట్రాలు చెన్నైలో ఉన్నంతగా మరో ఊళ్ళో దొరకవు కాబట్టి, నృత్యానికి మేకప్ చేయడం కూడా నేర్చుకుంటే ఖాళీ నెలలు కొంత పూడుతాయి. సినిమా పని కావాలంటే సంఘ సభ్యత్వం, ఎవరి దగ్గరైనా సహాయకురాలిగా చాలాకాలం పని చేయడం తప్పవు. దానిని ఇప్పుడే లెక్కలోకి తీసుకోవద్దు.

కోర్సు విషయానికి వస్తే, లక్షన్నర ఇప్పుడు కట్టవద్దు. పరీక్షలు అయ్యాక ఒక పెళ్ళిళ్ళ సీజనంతా అనుభవజ్ఞురాలైన ఒక ఆర్టిస్టు దగ్గర సహాయకురాలిగా పంపండి. బ్రష్షులు కడగడం, చీర కుచ్చిళ్ళు సర్దడం, జడ కుట్టడం దగ్గర మొదలవుతుంది. అది భరించలేకపోతే ఈ వృత్తి భరించలేదని మీ డబ్బు పోకముందే తెలుస్తుంది. భరిస్తే అప్పుడు కోర్సు చూడండి. ఐటీఐలలో ఏడాది కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది. బ్యూటీ అండ్ వెల్‌నెస్ రంగ నైపుణ్య మండలి ధ్రువీకరించే మేకప్ కోర్సులూ ఉన్నాయి. ప్రైవేటు సంస్థకే వెళ్ళాలనుకుంటే, ఎంతమంది నిజమైన మనుషుల ముఖాల మీద పని చేయనిస్తారు, అందులో చామనచాయ వాళ్ళూ నల్లని వాళ్ళూ వయసు మళ్ళినవాళ్ళూ ఎంతమంది, ఫీజులో సామగ్రి కలిసి ఉందా లేదా అని అడగండి. జవాబు గోడ మీది ఫొటోలు చూపించి దాటవేస్తే మరో చోటికి వెళ్ళండి. సొంతంగా మొదలుపెట్టే రోజు వచ్చాక, సామగ్రికి, చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలోని 'శిశు' విభాగం కింద 50,000 రూపాయల వరకు అప్పు దొరుకుతుంది.

నాన్నగారి భయాన్ని తేలికగా తీసేయకండి. తెల్లవారుజామున రెండింటికి ఆడపిల్ల ఆటో ఎక్కాలని ఎవరూ కోరుకోరు. పేరున్న ఆర్టిస్టులు ముందు రోజు రాత్రే మండపానికి చేరి, తాళం వేసుకునే గది, తోడుగా ఒక సహాయకురాలు, రాకపోకల ఖర్చు, సగం అడ్వాన్సు అన్నవన్నీ కాగితం మీద రాయించుకుంటారు. మీ అమ్మాయి కూడా మొదటి బుకింగు నుంచే అలాగే చేయాలి, బంధువుల పెళ్ళి అయినా సరే. పనిచోట వేధింపులకు వ్యతిరేకంగా 2013 చట్టం ఉంది. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట్ల ఫిర్యాదులు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వవచ్చన్న సంగతి తనకు తెలిసి ఉండాలి. మొదటి రెండు మూడు ముహూర్తాలకు నాన్నగారినే తోడు వెళ్ళమనండి. అక్కడ పని ఎలా జరుగుతుందో ఆయన స్వయంగా చూసిన తరువాత, ఎమ్మెస్సీనా మేకప్పా అన్న మాట మళ్ళీ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. ఈలోగా ఎమ్మెస్సీ దరఖాస్తు గడువు దాటిపోకుండా అదీ పెట్టి ఉంచండి.