ఒకవైపు చెవి వాలి, చొంగ కారుస్తూ తిరుగుతున్న మేక

ప్రశ్న: మా మేకకు నిన్నటి నుంచి ఎడమ చెవి వాలిపోయింది. చొంగ కారుస్తూ ఎడమవైపే గుండ్రంగా తిరుగుతోంది. నెల రోజులుగా సైలేజీ (గాలి తగలకుండా పాతరేసి పులియబెట్టిన పచ్చిమేత) మేపుతున్నాం. ఏం చేయాలి? – ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: వెంటనే పశువైద్య అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని పశువైద్యుడిని పిలిపించండి. మీరు చెప్పినదాన్ని బట్టి ముందుగా అనుమానించాల్సింది లిస్టీరియోసిస్, అంటే లిస్టీరియా అనే క్రిమి (బ్యాక్టీరియా) వల్ల మెదడుకు వచ్చే జబ్బు. మేకల్లో ఇది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. తొలిదశలోనే పెన్సిలిన్ వంటి మందు పెద్ద మోతాదులో మొదలుపెడితే బతికే అవకాశం ఉంటుంది. పడిపోయాక కష్టం.

డాక్టర్ వచ్చేలోపు నోట్లో మాత్రం చెయ్యి పెట్టకండి. రేబిస్‌లోనూ మింగలేక చొంగ కారుతుంది. గొంతు పనిచేయనప్పుడు మందు గానీ నీళ్లు గానీ తాగించినా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మేకకు ఎదురుగా నిలబడి ముఖాన్ని రెండు వైపులా పోల్చి చూడండి. ఈ క్రిమి నోటిలోని చిన్న గాయాల గుండా నరం పట్టుకుని మెదడు కాండానికి (మెదడు వెన్నుపాముతో కలిసే భాగానికి) చేరుతుంది. ముఖానికి వెళ్లే నరాలు అక్కడి నుంచే బయలుదేరతాయి. అందుకే సాధారణంగా ఒకవైపే దెబ్బ కనిపిస్తుంది. చెవి, పైరెప్ప, పెదవి వాలితే ముఖ నరం దెబ్బతిన్నట్టు. కన్ను పూర్తిగా మూయలేక ఎండిపోతుంది కాబట్టి దానికీ మందు అడగండి. దవడ జారి, నమలలేకపోతే, ముక్కు దగ్గర గడ్డిపరక తాకించినా తల తిప్పకపోతే దవడ నరం. తల ఒకపక్కకు ఒరిగి తూలితే చెవి లోపలి సమతూకం నరం. మింగలేకపోతే గొంతు నరాలు. వీటిలో రెండు మూడు కలిసి, జ్వరం, మేత మానడం, మందకొడితనం తోడైతే అనుమానం బలపడుతుంది. చెవి వాలి తల ఒరిగినా మేక హుషారుగా మేస్తుంటే మధ్య చెవిలో చీము కావచ్చు. తిరగడం వారాల తరబడి మెల్లగా ముదిరితే కుక్కల బద్దెపురుగు వల్ల మెదడులో ఏర్పడే నీటితిత్తిని అనుమానించాలి.

సైలేజీని ఈ రోజే ఆపేయండి. సరిగా పులియక పీహెచ్ (పులుపు కొలత; పులుపు తగ్గితే ఇది పెరుగుతుంది) 5 దాటినదానిలో, గాలి తగిలి బూజు పట్టినదానిలో ఈ క్రిమి బాగా పెరుగుతుంది. మేత తిన్న రెండు మూడు వారాలకు కూడా జబ్బు బయటపడవచ్చు, కాబట్టి మిగతా మేకల ముఖాలనూ రోజూ గమనించండి.

ఇది మనుషులకూ సోకుతుంది. ఇంట్లో గర్భిణులు ఉంటే ఈ మేకను, నెలలు నిండకుండా ఈసుకుపోయిన పిండం ఏదైనా ఉంటే దాన్ని తాకనివ్వకండి. పాలు కాచకుండా ఎవరూ తాగవద్దు.